అడిగింది మనవాడే కదా!

2019 మార్చి 22, శుక్రవారం. మనమిప్పుడు ఒక కంప్యూటరు లోపల ఉన్నాం. బల్ల మీద పెట్టుకునే కంప్యూటరు కాదిది. అమెజాన్ డేటా సెంటర్లో ఒక పెద్ద యంత్రాన్ని వాటాలు వేసి అద్దెకిస్తారు, అందులో ఒక వాటా. అద్దెకు తీసుకున్నది క్యాపిటల్ వన్ బ్యాంకు. వర్జీనియాలోని మెక్లీన్‌లో దాని ప్రధాన కార్యాలయం. క్రెడిట్ కార్డుల వ్యాపారంలో అమెరికాలో పెద్ద పేరు. సొంత సర్వర్ల గదులు వదిలేసి అమెజాన్ క్లౌడ్‌కు మారుతున్నామని అందరికంటే ముందు బాహాటంగా చెప్పుకున్న పెద్ద బ్యాంకుల్లో ఇదీ ఒకటి.

మనమున్న వాటాకు అప్పగించిన పని కాపలా. వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ అంటారు, పొట్టిగా వ్యాఫ్. బయటి నుంచి వచ్చే ప్రతి రిక్వెస్టునూ చదవాలి, చెడ్డదనిపిస్తే ఆపాలి, లేకపోతే వెనకున్న సర్వరుకు అందించాలి, అది ఇచ్చిన జవాబును తెచ్చి అడిగినవాళ్ల చేతిలో పెట్టాలి. రోజంతా అదే పని. ఇక్కడ నిలబడితే రిక్వెస్టులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. తలుపు తీయడం, వేయడం, అంతే.

అంతలో ఒకటి వస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామంటే టోర్ నెట్‌వర్క్ చివరి మజిలీ చిరునామా కనిపిస్తుంది. అసలు మనిషి ఎక్కడున్నదీ తెలియకుండా దేశాలు తిప్పి తెచ్చే దారి అది. సరే, టోర్ వాడటం నేరమేం కాదు. అసలు వింత రిక్వెస్టు లోపల ఉంది. ఇది బ్యాంకు పేజీ ఏదీ అడగడం లేదు. ఫైర్‌వాల్‌నే ఒక చోటికి వెళ్లి రమ్మంటోంది. ఆ చోటు: 169.254.169.254.

ఒక్క నిమిషం ఆగి ఈ అంకెలు చూడండి. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ తీసి బ్రౌజరులో ఇవే కొట్టి చూడండి. కాసేపు తిరిగి తిరిగి ఆగిపోతుంది. 169.254తో మొదలయ్యే చిరునామాలు ఇంటర్నెట్టులోకి పోవు, రౌటర్లు వాటిని గడప దాటించవు. అమెరికా నుంచి కొట్టినా, అమలాపురం నుంచి కొట్టినా బయటివాళ్లకు అక్కడ ఏమీ లేదు. కానీ మనం నిలబడ్డ ఈ వాటా లోపలి నుంచి అడిగితే మాత్రం జవాబు వస్తుంది. అక్కడుండేది మెటాడేటా సర్వీసు. నేనెవరిని, ఏ రీజియన్‌లో ఉన్నాను, నా పేరేమిటి, నాకేయే హక్కులున్నాయి అని ప్రతి వాటా తన గురించి తానే అడిగి తెలుసుకునే చోటు అది.

ఇలాంటిది పెట్టినవాళ్లను వెంటనే తిట్టకండి. దీనికి ముందు ప్రోగ్రామర్లు ఏం చేసేవాళ్లో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు. క్లౌడ్ పాస్‌వర్డులను కోడ్‌లోనే రాసేసేవాళ్లు, ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టేసేవాళ్లు, తెల్లారేసరికి ఎవరో వాటిని ఏరుకునేవాళ్లు. ఆ బాధ తప్పించడానికే ఈ ఏర్పాటు. యంత్రానికి ఒక రోల్ ఇస్తారు. కావలసినప్పుడల్లా అది ఈ చిరునామాకు వెళ్లి కొన్ని గంటలే పనిచేసే కీలను తెచ్చుకుంటుంది. ఎవరూ ఎక్కడా ఏమీ రాసి పెట్టుకోనక్కర్లేదు. నిజంగా మంచి ఏర్పాటే. ఒక్కటే ప్రశ్న అడగడం మరిచిపోయారు: అడుగుతున్నది యంత్రమా, యంత్రం చేత ఇంకెవరైనా అడిగిస్తున్నారా?

పాత తాలూకా కచేరీలో రికార్డు గదికి బయటివాళ్లను రానివ్వరు. కానీ బంట్రోతు చేతిలో చీటీ పెట్టి పంపితే లోపలి గుమాస్తా చీటీ చదువుతాడే తప్ప రాసిందెవరని అడగడు, ఎదురుగా నిలబడ్డది రోజూ చూసే బంట్రోతే కాబట్టి. సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ, పొట్టిగా ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే ఇంతే. గోడ దూకనక్కర్లేదు, తాళం పగలగొట్టనక్కర్లేదు. లోపల మర్యాద ఉన్నవాడి చేత మన మాట అడిగించుకోవడమే.

ఇప్పుడు మన ఫైర్‌వాల్ బయల్దేరింది. ఇలాంటి పని దాని చేత చేయించకూడదని సెట్టింగులలో ఉండాలి, లేదు. మెటాడేటా సర్వీసు గడపలో నిలబడి సెక్యూరిటీ క్రెడెన్షియల్స్ అనే అర ముందు ఖాళీగా అడుగుతుంది. జవాబుగా ఒకే ఒక్క ముక్క వస్తుంది, ఈ యంత్రానికిచ్చిన రోల్ పేరు. తర్వాత కోర్టు కాగితాల్లో ఆ పేరు సగం చుక్కలతో కనిపిస్తుంది. చివర మాత్రం 'వ్యాఫ్ రోల్' అని చదవచ్చు. ఆ పేరునే చిరునామా చివర తగిలించి మళ్లీ అడిగితే ఈసారి చిన్న పట్టీ వస్తుంది. కీ పేరు, రహస్య కీ, ఒక పొడవాటి టోకెన్, గడువు తీరే సమయం. తాత్కాలిక కీల పేర్లన్నీ ఏ, ఎస్, ఐ, ఏ అనే నాలుగు అక్షరాలతో మొదలవుతాయి. అలవాటున్న కన్ను ఆ నాలుగక్షరాలు చూడగానే ఏం దొరికిందో పోల్చుకుంటుంది.

ఫైర్‌వాల్‌కు అలాంటి అలవాటు లేదు. తెచ్చిన జవాబును అడిగినవాళ్ల చేతిలో పెట్టడమే దానికి తెలుసు, పెట్టింది. కీలు బయటికి వెళ్లిపోయాయి.

నిజానికి ఆ రోజు ఇక్కడ నిలబడి చూసినవాళ్లెవరూ లేరు. సియాటిల్ ఫెడరల్ కోర్టులో ఎఫ్‌బీఐ వేసిన ఫిర్యాదు, ఆ ఆగస్టులో సెనేటర్ రాన్ వైడెన్‌కు అమెజాన్ రాసిన జవాబు, ఈ సర్వీసు పనిచేసే తీరు, మూడూ పక్కపక్కన పెడితే కనిపించే దారి ఇది. ఫిర్యాదు 'సరిగా అమర్చని ఫైర్‌వాల్' దగ్గరే ఆగిపోయింది. ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్ జరిగిందని అనుకుంటున్నామని రాసింది అమెజాన్. అదొక్కటే దారి కాదు, ఇంకా దారులున్నాయి అని కూడా అదే వాక్యంలో కలిపింది.

సరే, కథలోకి వద్దాం. ఇక ఫైర్‌వాల్‌తో పని లేదు. ఎక్కడో ఉన్న కంప్యూటర్లో ఆ కీలు పెట్టుకుంటే చాలు, అమెజాన్ దృష్టిలో ఆ కంప్యూటరే బ్యాంకు ఫైర్‌వాల్. ఫిర్యాదు ప్రకారం మొత్తం మూడు కమాండ్లు. మొదటిది కీలు తెచ్చింది, అది చూశాం. రెండోది, మీ దగ్గరున్న బకెట్ల పేర్లు చెప్పండి. అమెజాన్ గిడ్డంగిలో ఫైళ్లు దాచుకునే అరలను బకెట్లంటారు. పేర్లు వచ్చాయి, 700కు పైగా. మూడోది సింక్. అక్కడున్నదాన్ని ఇక్కడికి నకలు తీయి అని చెప్పే మాట, మనం రోజూ బ్యాకప్‌కు వాడుకునేదే.

కాపలా కాసే యంత్రానికి గిడ్డంగిలో ఏముందో లెక్కపెట్టే హక్కు ఎందుకు? ఫైళ్లు చదివే హక్కు ఎందుకు? నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే మింగుడుపడనిది ఇదే. ఫైర్‌వాల్‌లో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ రోల్‌కు హక్కులిచ్చేటప్పుడు ఎవరో ఒకరు కూర్చుని రాయాలి, ఇంకొకరు సరే అనాలి. ఆ హక్కులు అనుకున్నదానికంటే ఎక్కువే అయి ఉండవచ్చని అమెజాన్ తన లేఖలో మెత్తగా అంది. మన ఆఫీసుల్లోనూ చూస్తుంటాం, పని ఆగిపోతోందని స్టార్ గుర్తు పెట్టి అన్ని హక్కులూ ఇచ్చేసి, తర్వాత తగ్గిద్దాం అంటారు. ఆ 'తర్వాత' రాదు.

పోతున్నవేమిటో ఒకసారి చూడండి. 2005 నుంచి 2019 మొదటి నెలల దాకా క్రెడిట్ కార్డు కోసం జనం పెట్టుకున్న దరఖాస్తులు. పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్, పుట్టినతేదీ, తాను చెప్పుకున్న సంపాదన. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది. వాళ్లలో దాదాపు 1,40,000 మంది సోషల్ సెక్యూరిటీ నంబర్లు, 80,000 బ్యాంకు ఖాతా నంబర్లు, కెనడా వాళ్లవి పది లక్షల సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు. టెక్సాస్‌లోని ప్లేనోలో ఈ బ్యాంకుకు పెద్ద క్యాంపస్ ఉంది, ఆ ఊళ్లో తెలుగువాళ్లెంత మందో చెప్పనక్కర్లేదు. ఆ పద్నాలుగేళ్లలో ఆ దేశంలో దిగి కార్డు కోసం ఈ బ్యాంకుకు దరఖాస్తు నింపి, రాలేదని మరిచిపోయినవాళ్ల కాగితం కూడా ఈ అరల్లో ఉండవచ్చు.

ఇదంతా నిశ్శబ్దంగా జరిగిపోలేదు. లాగ్‌లో ప్రతి అడుగూ పడింది. ఫలానా రోల్, ఫలానా సమయంలో, టోర్ చిరునామా నుంచి బకెట్ల జాబితా అడిగింది అని రాసి ఉంది. మామూలు రోజుల్లో ఆ రోల్ జాబితా అడగనే అడగదని తర్వాత ఫిర్యాదులో రాశారు. అంటే ఆ ఒక్క వరుస చదివితే చాలు. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది, మే, జూన్. ఎవరూ చదవలేదు.

చివరికి బయటపెట్టింది యంత్రం కాదు, దారిన పోయే మనిషి. జూలై 17న, భద్రతా లోపాలు తెలియజేయడానికి బ్యాంకు పెట్టుకున్న ఈమెయిలుకు ఒక ఉత్తరం వచ్చింది. మీ డేటాలా ఉంది, గిట్‌హబ్‌లో కనిపిస్తోంది, చూసుకోండి అని. లింకు తెరిస్తే ఏప్రిల్ 21 నాటి ఫైలు. అందులో ఫైర్‌వాల్ చిరునామా, ఆ మూడు కమాండ్లు. ఆ పేజీ చిరునామాలోనే ఫైలు పెట్టిన మనిషి అసలు పేరు. టోర్ వెనక అంత జాగ్రత్తగా దాక్కున్న మనిషి ఇక్కడ సొంత పేరుతో ఉంది. సియాటిల్లో ఉండే ఇంజనీరు, కొన్నేళ్ల ముందు అమెజాన్ క్లౌడ్ విభాగంలోనే పనిచేసింది. రెండు రోజుల్లో బ్యాంకు నిర్ధారించుకుంది. జూలై 29 సోమవారం ఇల్లు సోదా చేసి అరెస్టు చేశారు, అదే రోజు బ్యాంకు లోకానికి చెప్పింది. తర్వాత తేలిందేమిటంటే బాధితుల్లో ఈ బ్యాంకు ఒకటి మాత్రమే. ఇలాగే తప్పుగా అమర్చిన ఖాతాల కోసం వెతికే ప్రోగ్రాము రాసుకుని 30కి పైగా సంస్థల డేటా దించుకుంది. కొన్నిచోట్ల వాళ్ల సర్వర్ల మీదే క్రిప్టోకరెన్సీ తవ్వుకుంది. 2022 జూన్‌లో జ్యూరీ దోషి అంది.

ఇప్పుడు ఇంకో చోటికి రండి. ఇది ఎవరి ఆఫీసూ కాదు, నేర్చుకోవడానికి నేను పెట్టుకున్న చిన్న సర్వరు. మీరు కుర్చీలో కూర్చోండి. తెర మీద ఒక ఫారం ఉంది, 'మీ ఫొటో లింకు ఇవ్వండి' అంటుంది. లింకు ఇస్తే సర్వరే వెళ్లి బొమ్మ తెస్తుంది. మన హైదరాబాదు కుర్రాళ్లు వారానికొకటి రాసే ఫారమే. లింకు అతికించగానే ప్రివ్యూ చూపించే చాట్, వెబ్ పేజీని పీడీఎఫ్ చేసి ఇచ్చే బటను, 'డబ్బు పడగానే ఈ చిరునామాకు కబురు పెట్టు' అనే వెబ్‌హుక్, అన్నీ ఈ కోవలోవే. సర్వరు వెళ్లాల్సిన చోటును వాడేవాళ్లు చెప్పే ప్రతి చోటా ఈ చిక్కుంది.

బొమ్మ లింకు బదులు ఆ 169 చిరునామా ఇవ్వండి. 'ఈ చిరునామా నిషిద్ధం' అని ఎర్ర అక్షరాలు వస్తాయి. నేను అడ్డం పెట్టాను. బాగానే ఉంది కదా? ఇప్పుడు చుక్కలన్నీ తీసేసి 2852039166 అని ఒకే అంకె కొట్టండి. అడ్డం పెట్టిన కోడ్‌కు ఇది వేరే అంకె, కాబట్టి పోనిస్తుంది. దాని వెనక కనెక్షను కలిపే లైబ్రరీకి మాత్రం ఇది అదే చిరునామా. నాలుగు భాగాలుగా రాసినదాన్నే ఒకే సంఖ్యగా లెక్కకడితే వచ్చేది ఇది. తెర మీద చూడండి, రోల్ పేరు వచ్చేసింది.

సరే, అదీ ఆపాను అనుకోండి. ఈసారి మీ సొంత డొమైన్ ఇవ్వండి, అందులో ఒక పేజీ. నా కోడ్ చూస్తుంది, మామూలు డొమైనే, వెళ్లమంటుంది. వెళ్లిన సర్వరుకు మీ పేజీ 'నేనిక్కడ లేను, అటు వెళ్లు' అని 169 వైపు దారి చూపిస్తుంది. రీడైరెక్టులను మళ్లీ తనిఖీ చేయాలని నాకు తోచలేదు. అదీ సరిచేశానా? మీ దగ్గర ఇంకోటుంది. మొదటిసారి పేరు అడిగినప్పుడు మంచి చిరునామా చెప్పి, క్షణం తర్వాత అదే పేరుకు లోపలి చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ సర్వరు. నేను తనిఖీ చేసింది ఒకదాన్ని, వెళ్లింది ఇంకోదానికి. తైవాన్ పరిశోధకుడు ఆరెంజ్ సాయ్ 2017లో బ్లాక్ హ్యాట్ సభలో ఒకే యూఆర్‌ఎల్‌ను ఒక లైబ్రరీ ఒకలా, పక్క లైబ్రరీ ఇంకోలా చదువుతాయని వరసగా చేసి చూపించాడు. అప్పటి నుంచి 'చెడ్డవాటి జాబితా' మీద నాకు నమ్మకం పోయింది. ఎక్కడికి వెళ్లకూడదో రాసుకుంటూ పోతే ఆ జాబితాకు అంతుండదు. ఎక్కడికి వెళ్లవచ్చో రాసుకోవాలి. పేరును ఒక్కసారే చిరునామాగా మార్చి, తనిఖీ చేసిన ఆ చిరునామాకే కనెక్షను కలపాలి. లింకులు తెచ్చే పనిని లోపలి నెట్‌వర్క్ కనిపించని వేరే యంత్రానికి అప్పగించాలి.

2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ మెయిల్ సర్వర్లను ఊపేసిన ప్రాక్సీలాగాన్ కూడా మొదలైంది ఒక ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్‌తోనే. ఆ ఏడాది వెబ్ భద్రతా సంస్థ ఓవాస్ప్ వేసిన పది పెద్ద ప్రమాదాల జాబితాలో పదో స్థానం దీనికే ఇచ్చారు.

ఇక 2019 నవంబరు 19కి వద్దాం. మళ్లీ అలాంటి వాటాలోనే నిలబడ్డాం. అమెజాన్ ఈ రోజు మెటాడేటా సర్వీసుకు రెండో పద్ధతి తెచ్చింది. ఈ వాటాలో దాన్నే తప్పనిసరి చేశారనుకోండి, అదే దొంగ రిక్వెస్టు మళ్లీ వచ్చిందనుకోండి. సర్వీసు ఇప్పుడు ముందు టోకెన్ అడుగుతుంది. టోకెన్ కావాలంటే 'గెట్' కాదు, 'పుట్' అనే వేరే రకం రిక్వెస్టు పంపాలి, దానికి ప్రత్యేక హెడర్ తగిలించాలి. ఫొటో తెచ్చే ఫారాలు, ప్రివ్యూ చూపే కోడ్‌లు సాధారణంగా 'గెట్' తప్ప ఇంకోటి పంపవు, పక్కవాడు చెప్పిన హెడర్లు తగిలించవు. మధ్యలో ప్రాక్సీ ఉందని తెలిపే హెడర్ కనిపిస్తే టోకెన్ ఇవ్వనే ఇవ్వరు. ఇచ్చిన టోకెన్ కూడా మామూలుగా ఒక్క అంగ దాటి పోదు, గడువు ఎంత పెంచినా ఆరు గంటలే. మన ఫైర్‌వాల్ వెళ్లింది, '401, అనుమతి లేదు' అనిపించుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

బాగుంది. కానీ ఇదే పని గూగుల్ 2013లో, మైక్రోసాఫ్ట్ 2017లో చేశాయని సెనేటర్లు వైడెన్, ఎలిజబెత్ వారెన్ ఆ అక్టోబరులోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు రాశారు, అమెజాన్ మీద విచారణ చేయమన్నారు. ఆరోపణకు ఆధారం లేదంది అమెజాన్. జరిమానా మాత్రం బ్యాంకుకే పడింది. 2020 ఆగస్టులో నియంత్రణ సంస్థ ఓసీసీ 8 కోట్ల డాలర్లు కట్టించింది. జనం వేసిన దావా 19 కోట్ల డాలర్లకు రాజీ అయింది. తప్పంతా బ్యాంకుదే అనడం నాకు న్యాయంగా తోచదు. గుమ్మం బలహీనమని తెలిసీ ఇల్లు అద్దెకిచ్చినవాళ్ల వాటా ఎంతో ఎవరూ లెక్క తేల్చలేదు.

పైగా కొత్త పద్ధతి వచ్చినా పాతదాన్ని తీసేయలేదు. వాడుతున్నవాళ్ల ప్రోగ్రాములు ఆగిపోతాయని 'ఇష్టమైతే మారండి' అన్నారు. ఏళ్లపాటు అలాగే నడిచింది. 2022 నవంబరులో హైదరాబాదులో అమెజాన్ రీజియన్ తెరిచారు. అక్కడి వాటాల్లోనూ అదే 169.254.169.254, అవే రెండు పద్ధతులు. వాటిని నడిపేవాళ్లలో మీరూ ఉండవచ్చు.

ఉంటే ఈ రోజే మీ యంత్రం సెట్టింగులలో 'ఇన్‌స్టన్స్ మెటాడేటా ఆప్షన్స్' తెరవండి. అక్కడ 'ఆప్షనల్' అని ఉంటే పాత గుమ్మం ఇంకా తెరిచే ఉందన్నమాట. వెంటనే మార్చేసి మీ ప్రోగ్రాములు పడిపోయాయని నన్ను తిట్టకండి. ముందు క్లౌడ్‌వాచ్‌లో 'మెటాడేటా నో టోకెన్' అనే లెక్క చూడండి, పాత పద్ధతిలో ఇంకా ఎన్నిసార్లు అడుగుతున్నారో చెబుతుంది. అడుగుతున్నదెవరో వెతికి సరిచేయండి. ఆ లెక్క సున్నాకు వచ్చాక 'రిక్వైర్డ్' చేయండి. వస్తూ వస్తూ ఆ యంత్రానికిచ్చిన రోల్ ఏయే బకెట్లు చదవగలదో కూడా చూసుకోండి.